వర్డ్ ఫైలును పీడీఎఫ్ చేసేటప్పుడు పేజీ చెదరకుండా ఉండాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో మా డీటీపీ దుకాణానికి వచ్చేవారిలో చాలామందికి ఇప్పుడు టైపింగుతో పని ఉండడం లేదు. ఇంటి దగ్గర టైపు చేసుకొని తెచ్చిన వర్డ్ ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, ప్రింటు తీయించుకొని, బైండింగుకు ఇచ్చి వెళ్లిపోవాలన్నదే వారి అవసరం. తీరా ఫైలు తెరిస్తే, ఇంట్లో 32 పేజీలుగా కనబడిన రిపోర్టు ఇక్కడ 35 పేజీలవుతుంది, సంతకాల గడి ఒంటరిగా చివరి పేజీకి జారుతుంది. అందరూ దీన్ని "అలైన్‌మెంట్ పోయింది" అన్న ఒక్క మాటతోనే చెబుతారు గాని, దాని వెనక కారణాలు అనేకం. అడిగినవారికి అడిగినప్పుడు చెబుతూ వచ్చిన జవాబులను పని జరిగే వరసలో ఇక్కడ పెట్టాను. మెనూల పేర్లు ఇంగ్లీషు వర్డ్‌లో ఎలా కనబడతాయో అలాగే తెలుగు అక్షరాల్లో రాశాను.

## టైపు మొదలుపెట్టక ముందు

పీడీఎఫ్ చేస్తే పేజీలు వాటంతట అవే సర్దుకోవా?

సర్దుకోవు. వర్డ్ ఫైలులో ఉండేవి పేరాలు, బొమ్మలు, పట్టికలు, వాటి కొలతలు మాత్రమే. ఏ పంక్తి ఏ పేజీలో పడాలన్న లెక్కను వర్డ్ తెరిచిన ప్రతిసారీ కొత్తగా కడుతుంది, ఆ కంప్యూటరులో ఉన్న ఫాంట్లను, వర్డ్ వెర్షనును, కొన్ని సందర్భాల్లో ప్రింటరును కూడా బట్టి ఆ లెక్క మారుతుంది. పీడీఎఫ్ దీనికి పూర్తిగా భిన్నమైనది. ఏ అక్షరం కాగితం మీద ఎక్కడ కూర్చోవాలో అందులో కొలతలతో సహా రాసి ఉంటుంది. 1993లో అడోబీ సంస్థ తెచ్చిన ఈ ఫార్మాటు 2008లో ఐఎస్ఓ 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమయింది. అందువల్ల ఎగుమతి చేసే క్షణాన మీ కంప్యూటరులో పేజీ ఎలా ఉందో అలాగే బిగుసుకుపోతుంది, అందులోని వంకరలతో సహా.

కాగితం సైజు చివర్లో మార్చుకుంటే సరిపోదా?

మొదటే పెట్టుకోవాలి. కంప్యూటరులో ప్రాంతం అమెరికాగా ఉండిపోతే వర్డ్ కొత్త ఫైలును లెటర్ సైజులో తెరుస్తుంది. అది 216 × 279 మిల్లీమీటర్లు. మన దుకాణాల్లో దొరికే ఎ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు, అంటే వెడల్పు 6 మిల్లీమీటర్లు తక్కువ, పొడవు 18 మిల్లీమీటర్లు ఎక్కువ. వంద పేజీలు టైపు చేసిన తరవాత సైజు మారిస్తే ప్రతి పంక్తిలో చివరి మాట కిందికి దిగుతుంది, ప్రతి పేజీ అడుగున రెండు మూడు పంక్తులకు చోటు మిగులుతుంది, అంతకుముందు చేతితో సర్దినదంతా వృథా అవుతుంది. లేఅవుట్ మెనూలో సైజు నొక్కి ఎ4 ఎంచుకోవడం అర నిమిషం పని. అఫిడవిట్ల వంటి కోర్టు కాగితాలకైతే లీగల్ సైజు కావాలా, ఎ4 చాలా అన్నది వకీలు గుమాస్తాను ముందే అడగండి. లీగల్ 216 × 356 మిల్లీమీటర్లు ఉంటుంది.

స్పైరల్ బైండింగులో అక్షరాలు రంధ్రాల్లోకి పోతున్నాయి. మార్జిన్ ఎంత పెట్టాలి?

వర్డ్ మామూలుగా నాలుగు వైపులా 2.54 సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం వదులుతుంది. బైండింగు జరిగే వైపు దీనికి అదనంగా 1.25 నుంచి 1.5 సెంటీమీటర్లు కావాలి. పేజ్ సెటప్‌లో గటర్ అనే గడి ఉన్నది ఇందుకే. కాగితానికి ఒకే వైపు ప్రింటయితే ఇంతటితో సరిపోతుంది. రెండు వైపులా తీస్తే మాత్రం ఎడమ పేజీకి కుడి వైపున, కుడి పేజీకి ఎడమ వైపున ఖాళీ ఉండాలి కాబట్టి మల్టిపుల్ పేజెస్ దగ్గర మిర్రర్ మార్జిన్స్ ఎంచుకోవాలి. ఈ ఒక్క మీట నేను మరిచిపోయినందుకు ఒకసారి ఒక వార్షికోత్సవ సంచిక కాపీలన్నీ నా ఖర్చుతో మళ్లీ వేయవలసి వచ్చింది. ఒక పేజీ బాగానే ఉండేది, తిప్పగానే వెనక పేజీలో పంక్తి మొదళ్లు కాక పంక్తి చివరలు కుట్టులో ఇరుక్కుపోయేవి. అప్పటినుంచి బైండింగు పని వచ్చినప్పుడల్లా ముందుగా నాలుగు పేజీలు తీసి, మడిచి, చేతితో పట్టుకొని చూస్తున్నాను.

తెలుగుకు ఏ ఫాంటు వాడితే ఏ కంప్యూటరులో తెరిచినా పేజీలు కదలవు?

అలాంటి ఫాంటు లేదు, ఫాంటును ఫైలుతో పాటు పంపే పద్ధతి మాత్రం ఉంది. గౌతమి విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి వస్తున్నది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ వచ్చింది. విండోస్ 10లో గౌతమి, వాణి విడిగా వేసుకోవలసిన ఫాంట్ల జాబితాలోకి వెళ్లాయి. కాబట్టి పాత కంప్యూటరులో గౌతమితో టైపు చేసిన ఫైలును కొత్తదానిలో తెరిస్తే వర్డ్ ఏ హెచ్చరికా లేకుండా వేరే ఫాంటును తెచ్చి పెడుతుంది. తెలుగు ఫాంట్లలో అక్షరాల వెడల్పు మాత్రమే కాదు, పైన గుడికీ కింద వత్తుకూ వదిలే చోటు కూడా ఒకదానికి ఒకటి బాగా తేడా. ఫాంటు మారితే పంక్తి ఎత్తు మారుతుంది, పంక్తి ఎత్తు మారితే పేజీల సంఖ్య మారుతుంది. మూడు పేజీలు పెరిగాయని వచ్చేవారిలో ఎక్కువ మంది కథ ఇదే.

ఉచితంగా దొరికే మండలి, సురన్న, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటివాటిలో ఒకదాన్ని ఎంచుకోండి. ఫైల్, ఆప్షన్స్, సేవ్ అనే వరసలో వెళ్లి ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్ అన్నదానికి టిక్కు పెట్టండి. కొన్ని ఫాంట్ల లైసెన్సు దీనికి ఒప్పుకోదు, అప్పుడు ఫాంటు ఫైలును కూడా పెన్‌డ్రైవులో వేసుకొని తెచ్చుకోవాలి. అన్నిటికన్నా తేలిక ఏమిటంటే, టైపు చేసిన కంప్యూటరులోనే పీడీఎఫ్ చేసుకొని రావడం. ఇది చెప్పినందుకు మా దుకాణానికి పది రూపాయలు తగ్గినా పరవాలేదు.

ఫాంటు మార్చాను, కాని తెలుగు అక్షరాలు మారడం లేదు. ఎందుకని?

వర్డ్, దానిలాగే పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేరు లిబ్రేఆఫీస్ రెండూ ఇంగ్లీషు అక్షరాలకు ఒక ఫాంటునూ, తెలుగు వంటి లిపులకు మరొక ఫాంటునూ విడివిడిగా గుర్తు పెట్టుకుంటాయి. ఫాంట్ కిటికీలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని ఉన్న భాగంలో తెలుగు ఫాంటునూ సైజునూ పెట్టాలి. లిబ్రేఆఫీసులో ఇదే సీటీఎల్ ఫాంట్ అన్న పేరుతో ఉంటుంది.

అను ఫాంట్లలో ఉన్న పాత మ్యాటరును అలాగే పీడీఎఫ్ చేయవచ్చా?

చూడడానికీ ప్రింటుకూ అయితే చేయవచ్చు, ఆ ఫాంట్లున్న కంప్యూటరులోనే చేయాలి. అవి యూనికోడ్ ఫాంట్లు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న పద్ధతిలోవి, కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షర భాగాలను కూర్చిన ఫాంట్లు. ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తాయి. పీడీఎఫ్‌లో బొమ్మ సరిగానే ఉన్నా మాట వెతికితే దొరకదు. ఆ ఫైలు పదేళ్ల తరవాత కూడా పనికి రావాలనుకుంటే యూనికోడుకు మార్చుకోండి. మార్చాక ప్రూఫు చదవక తప్పదు, ముఖ్యంగా వత్తుల దగ్గర.

## టైపు చేస్తున్నప్పుడు

కొత్త అధ్యాయం కొత్త పేజీలో రావడానికి ఎంటర్ కొట్టుకుంటూ పోతే తప్పేమిటి?

పైన ఒక్క పంక్తి పెరిగితే ఆ ఎంటర్లన్నీ ఒక పంక్తి కిందికి జరిగి, అధ్యాయం పేరు పేజీ తలభాగం వదిలి రెండో పంక్తిలో నిలబడుతుంది. పది పంక్తులు పెరిగితే అధ్యాయం పేజీ మధ్యలో మొదలవుతుంది. కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే పేజీ బ్రేకు పడుతుంది, పైన ఎంత పెరిగినా తరిగినా తరవాతి మాట కొత్త పేజీ తలనే ఉంటుంది. పుస్తకం పెద్దదైతే దీనికన్నా మంచి పద్ధతి ఉంది. అధ్యాయాల పేర్లన్నిటికీ హెడింగ్ 1 స్టైలు ఇచ్చి, ఆ స్టైలు పేరాగ్రాఫ్ అమరికలో పేజ్ బ్రేక్ బిఫోర్ అన్నదానికి టిక్కు పెడితే, ఎన్ని అధ్యాయాలున్నా ఒక్కసారితో పని అయిపోతుంది.

ఉపశీర్షిక పేజీ అడుగున ఒంటరిగా ఉండిపోతోంది.

పేరాగ్రాఫ్ కిటికీలో లైన్ అండ్ పేజ్ బ్రేక్స్ అన్న భాగంలో కీప్ విత్ నెక్స్ట్ పెట్టండి. శీర్షిక తన కింది పేరాను విడిచి ఉండదు. పేరాలో ఒక్క పంక్తి మాత్రమే విడిపోయి పక్క పేజీలో పడుతుంటే అక్కడే ఉన్న విడో/ఆర్ఫన్ కంట్రోల్ చూసుకోండి. కీప్ విత్ నెక్స్ట్‌ను మామూలు పేరాలకు కూడా పెట్టేస్తే పేజీల మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి.

"రాష్ట్రం"లో కింది వత్తు తెగిపోతోంది. ఫాంటు చెడిపోయిందా?

ఫాంటులో లోపం లేదు, పంక్తుల మధ్య ఎడం చాలడం లేదు. ఇంగ్లీషు అక్షరం పంక్తి మీద నిలబడి కొద్దిగా కిందికి దిగుతుంది. తెలుగు అక్షరం పైకీ కిందికీ రెండు వైపులా పెరుగుతుంది. "స్త్రీ"లో గుడి పైన ఉంటే వత్తులు కింద ఉంటాయి, "లక్ష్మి"లో వత్తు కింద మరో వత్తు వస్తుంది. పేజీలు తగ్గించాలన్న ఆలోచనతో లైన్ స్పేసింగును ఎగ్జాక్ట్‌లీ 14 పాయింట్లు అని పెడితే, వర్డ్ ఆ కొలతకు మించిన భాగాన్ని నిర్దాక్షిణ్యంగా కోసేస్తుంది. తెర మీద అది కనబడీ కనబడనట్టు ఉండి కాగితం మీద బయటపడుతుంది.

అలాగని సింగిల్ స్పేసింగు పెడితే వేరే చిక్కు వస్తుంది. ఆ పద్ధతిలో పంక్తి ఎత్తును ఆ పంక్తిలోని ఫాంటు నిర్ణయిస్తుంది కాబట్టి, తెలుగు ఉన్న పంక్తులు ఎత్తుగానూ, కేవలం ఇంగ్లీషు ఉన్న పంక్తులు పొట్టిగానూ వచ్చి పేజీ ఎగుడుదిగుడుగా కనబడుతుంది. నేను చేసేదేమిటంటే, ఎగ్జాక్ట్‌లీనే వాడతాను గాని 12 పాయింట్ల అక్షరానికి 20 పాయింట్ల దగ్గర మొదలుపెడతాను. ఒక కాగితం మీద "రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, కర్త్రి" అన్న మాటలను పై పంక్తిలోనూ, "కీర్తి, స్త్రీ, నీటి" వంటి గుడి దీర్ఘాల మాటలను కింది పంక్తిలోనూ టైపు చేసి ప్రింటు తీస్తాను. పై వత్తు కింది గుడిని తగలకుండా ఉన్న కొలత దగ్గర ఆగుతాను.

జస్టిఫై చేస్తే మాటల మధ్య గోతులు పడుతున్నాయి.

తెలుగు మాటలు సంధులతో, ప్రత్యయాలతో పొడవుగా ఉంటాయి. పంక్తి చివర పట్టని పొడుగు మాట మొత్తంగా కిందికి దిగితే, మిగిలిన మూడు నాలుగు మాటలను వర్డ్ రెండు అంచులకూ లాగుతుంది. రెండు కాలమ్‌ల కరపత్రంలో ఇది మరీ వికారంగా ఉంటుంది. ఇరుకు కాలమ్‌లలో ఎడమ వైపుకు మాత్రమే సరిచేసి వదిలేయడం మేలు. లిబ్రేఆఫీసులో తెలుగుకు పదాలను విరిచే నియమాలున్నాయి, అందులో హైఫనేషన్ పెట్టుకుంటే గోతులు తగ్గుతాయి.

తిక్కన పద్యాలతో చిన్న పుస్తకం వేస్తున్నాం. సీసపద్యం పాదాలు ఎక్కడ పడితే అక్కడ విరుగుతున్నాయి.

నెల్లూరు సీమలో ఈ పని తరచుగానే వస్తుంది. సీసపాదం పొడవు చిన్న పుస్తకం వెడల్పులో పట్టదు కాబట్టి ఒక్కొక్క పాదాన్ని రెండు పంక్తులుగా, రెండో పంక్తిని కొంచెం లోపలికి జరిపి వేయడం మన ముద్రణలో ఉన్న అలవాటు. అంటే నాలుగు పాదాలకు ఎనిమిది పంక్తులు, కింద తేటగీతికో ఆటవెలదికో నాలుగు, మొత్తం పన్నెండు. ఈ లోపలి జరుపును స్పేసుబారుతో చేయకండి. పద్యం కోసం విడిగా ఒక స్టైలు తయారు చేసి, ఎడమ వైపుకు సరిచేసి, రెండో సగానికి ఎడమ ఇండెంటు ఒక సెంటీమీటరు ఇవ్వండి.

పేరా జస్టిఫైలో ఉండగా పాదం చివర షిఫ్ట్, ఎంటర్ కొడితే ఆ పంక్తిలోని మాటలు రెండు అంచులకూ సాగిపోతాయి. యతి స్థానం ఎక్కడుందో కంటికి ఆనదు. పద్యం మధ్యలో పేజీ మారకుండా ఉండాలంటే మొదటి పదకొండు పంక్తులకు కీప్ విత్ నెక్స్ట్ పెట్టి పన్నెండోదాన్ని వదిలేయండి. పేజీ అడుగున కొంత ఖాళీ మిగులుతుంది. పద్యాన్ని నడుమ విరిచి చదివించడం కంటే ఆ ఖాళీయే నయమని నా అభిప్రాయం.

చీమకుర్తి గ్రానైటు బ్లాకుల పట్టికలో పన్నెండు కాలమ్‌లు ఉన్నాయి. నిలువు పేజీలో కుడి వైపు రెండు కాలమ్‌లు తెగిపోతున్నాయి.

బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, ఘనపు మీటర్లు, బండి నంబరు అంటూ సాగే పట్టికను అక్షరం 7 పాయింట్లకు దించి నిలువు పేజీలో కుక్కితే చదివేవారికి భూతద్దం కావాలి. ఆ ఒక్క పట్టిక ఉన్న పేజీలనే అడ్డంగా తిప్పండి. పట్టికకు ముందు ఒకటి, తరవాత ఒకటి, సెక్షన్ బ్రేక్ నెక్స్ట్ పేజ్ వేసి, మధ్య సెక్షనులో కర్సరు ఉంచి ఓరియెంటేషను ల్యాండ్‌స్కేప్ చేయాలి. మామూలు పేజీ బ్రేకు వేసి తిప్పితే ఫైలు మొత్తం అడ్డం తిరుగుతుంది.

సెక్షను మారినప్పుడు హెడరు, ఫుటరు సంగతి కూడా చూసుకోవాలి. అడ్డం పేజీ వెడల్పు వేరు కాబట్టి కుడి అంచున ఉండవలసిన పేజీ నంబరు మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. ఆ సెక్షను ఫుటరులో లింక్ టు ప్రీవియస్ తీసేసి నంబరును సరిచేయండి. తరవాతి సెక్షనులో కూడా లింకు తీయడం మరిస్తే ఆ మార్పు అక్కడికీ పాకుతుంది, కాబట్టి ముందు రెండు చోట్లా లింకు తీసి ఆ తరవాతే సవరించండి. పేజీ నంబరు మళ్లీ 1 నుంచి మొదలైతే ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్ ఎంచుకోవాలి. పీడీఎఫ్‌లో ఆ పేజీలు మాత్రమే వెడల్పుగా కనబడితే అంతా సరిగ్గా జరిగినట్టే.

పట్టిక రెండో పేజీకి వెళ్లగానే తల వరస ఉండడం లేదు.

తల వరసను ఎంచుకొని టేబుల్ లేఅవుట్‌లో రిపీట్ హెడర్ రోస్ నొక్కండి. ఒక గడిలోని సమాచారం సగం ఈ పేజీలో, సగం ఆ పేజీలో పడుతుంటే టేబుల్ ప్రాపర్టీస్‌లో అలౌ రో టు బ్రేక్ ఎక్రాస్ పేజెస్ అన్న టిక్కు తీసేయండి.

హెడరులో జిల్లా పేరు మార్చాను, అంతే, పేజీలన్నీ కిందికి జరిగాయి.

2008లో నెల్లూరు జిల్లా పేరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. పాత నమూనాలో "నెల్లూరు జిల్లా" అని ఉన్న చోట కొత్త పేరు పూర్తిగా రాస్తే, శాఖ పేరు కూడా పక్కనే ఉంటే, అది ఒక్క పంక్తిలో పట్టదు. హెడరు రెండు పంక్తులై పై మార్జినును దాటగానే వర్డ్ అసలు మ్యాటరును కిందికి తోస్తుంది. ప్రతి పేజీలో ఒక పంక్తి చొప్పున పోతే నలభై పేజీల నివేదికలో నలభై పంక్తులు, అంటే పేజీకి పైగా పెరుగుతుంది. హెడరు అక్షరాన్ని ఒకటి రెండు పాయింట్లు తగ్గించండి, లేదా మొదటే పై మార్జినును 3 సెంటీమీటర్లకు పెంచుకొని రెండు పంక్తులకు చోటు ఉంచుకోండి.

ఫోటోలు పెట్టిన చోట ఉండకుండా పక్క పేజీకి ఎగిరిపోతున్నాయి.

ఫోటో మీద నొక్కి ర్యాప్ టెక్స్ట్‌లో ఇన్ లైన్ విత్ టెక్స్ట్ ఎంచుకోండి. అప్పుడు ఫోటో ఒక పెద్ద అక్షరంలా పేరాలోనే ఉంటుంది. ఫోటో పేరాకు కీప్ విత్ నెక్స్ట్ పెడితే కింద రాసిన వివరం కూడా దాన్ని వదలదు.

## పీడీఎఫ్ చేసేటప్పుడు

సేవ్ యాజ్ పీడీఎఫ్, ప్రింట్ టు పీడీఎఫ్ రెండూ ఒకటే కదా?

కావు. సేవ్ యాజ్ లేదా ఎక్స్‌పోర్ట్ ద్వారా చేసినప్పుడు ఫైలులోని శీర్షికలు పక్కన సూచికగా, లింకులు నొక్కితే పనిచేసేవిగా వస్తాయి. ఆప్షన్స్‌లో క్రియేట్ బుక్‌మార్క్స్ యూజింగ్ హెడింగ్స్ పెట్టుకోవాలి. విండోస్ 10తో వచ్చిన మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఒక ఉత్తుత్తి ప్రింటరు. దానికి పేజీ బొమ్మ మాత్రమే అందుతుంది, లింకులు, బుక్‌మార్కులు పోతాయి, కాగితం సైజును కూడా ప్రింటరు అమరిక నుంచి తీసుకునే అవకాశం ఉంది. వర్డ్ 2007లో సేవ్ యాజ్ పీడీఎఫ్ సదుపాయానికి మొదట విడిగా ఒక యాడ్-ఇన్ వేసుకోవలసి వచ్చేది, 2010 నుంచి లోపలే ఉంది. ప్రింట్ టు పీడీఎఫ్‌ను నేను వర్డ్ ఫైళ్లకు వాడను.

విషయసూచికలో 14వ పేజీ అని ఉంది, అధ్యాయం 16లో ఉంది.

విషయసూచిక తనంతట తాను మారదు. ఎగుమతికి ముందు కంట్రోల్, ఎ నొక్కి మొత్తం ఎంచుకొని ఎఫ్9 నొక్కండి. అడిగితే అప్‌డేట్ ఎంటైర్ టేబుల్ అనండి. సూచిక పెరిగి మరో పేజీ ఆక్రమిస్తే నంబర్లు మళ్లీ మారతాయి కాబట్టి రెండోసారి కూడా ఎఫ్9 నొక్కడం మంచిది. సూచికను చేతితో టైపు చేసినవారికి ఈ ఉపాయం పనికిరాదు.

గైడు గారు చేసిన ఎర్ర దిద్దుబాట్లు పీడీఎఫ్‌లో వచ్చేశాయి, పేజీ కూడా చిన్నదయింది.

దిద్దుబాట్లతో పాటు పక్కన కామెంట్ల పట్టీకి చోటు కావాలి కాబట్టి వర్డ్ పేజీని కుదించింది. తెర మీద నో మార్కప్ పెట్టి దాచినంత మాత్రాన అవి ఫైలులోంచి పోవు. రివ్యూలో దిద్దుబాట్లను ఆమోదించి, కామెంట్లను తొలగించి, పీడీఎఫ్ ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ షోయింగ్ మార్కప్ కాకుండా డాక్యుమెంట్ అన్నది ఎంచుకోండి. ఆమోదించేటప్పుడు కాపీ ఒకటి విడిగా ఉంచుకోండి, గైడు గారు ఏం చెప్పారో మళ్లీ చూడవలసి వస్తుంది.

చివర్లో ఒక ఖాళీ పేజీ వస్తోంది, డిలీట్ చేస్తే పోవడం లేదు.

హోమ్‌లోని ¶ గుర్తు నొక్కి దాగిన గుర్తులను చూడండి. ఫైలు పట్టికతో ముగిస్తే దాని కింద ఒక ఖాళీ పేరా తప్పనిసరిగా ఉంటుంది, దాన్ని తొలగించడం వీలుకాదు. పట్టిక పేజీ అడుగు వరకు ఉంటే ఆ పేరా తరవాతి పేజీకి పోతుంది. ఆ పేరా అక్షరం సైజు 1 పాయింటు, ఎడం సున్నా చేయండి, పైకి వచ్చేస్తుంది. ఖాళీ పేజీ నడిమధ్యలో వస్తుంటే ఆడ్ పేజ్ సెక్షన్ బ్రేకు ఉందేమో చూడండి. అది తరవాతి భాగాన్ని బేసి పేజీలో మొదలుపెట్టడానికి సరి పేజీని ఖాళీగా వదులుతుంది.

రొయ్యల చెరువుల ఫోటోలతో రిపోర్టు 40 ఎంబీ అయింది. వెబ్‌సైటు తీసుకోవడం లేదు.

పీడీఎఫ్‌గా సేవ్ చేసే కిటికీలో మినిమమ్ సైజ్ ఎంచుకుంటే ఫైలు తగ్గుతుంది గాని ఫోటోలు మసకబారతాయి, ప్రింటుకు పనికిరావు. ముందుగా ఫోటో మీద నొక్కి కంప్రెస్ పిక్చర్స్‌లో కత్తిరించిన భాగాలను తొలగించే టిక్కు పెట్టి, 220 లేదా 150 పీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) ఎంచుకొని, తరవాత స్టాండర్డ్‌లో పీడీఎఫ్ చేయండి. ఫోనులో తీసిన ఫోటో కాగితం మీద నాలుగు అంగుళాలే ఉన్నా లోపల పూర్తి బరువుతోనే ఉంటుంది.

పీడీఎఫ్/ఎ అడుగుతున్నారు. అదేమిటి?

చాలాకాలం భద్రపరచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్ రకం. ఐఎస్ఓ 19005 పేరుతో దీని మొదటి ప్రమాణం 2005లో వచ్చింది. ఫాంట్లన్నీ లోపలే ఉండాలి, పాస్‌వర్డు ఉండకూడదు. వర్డ్ పీడీఎఫ్ ఆప్షన్స్‌లో ఒక టిక్కుతో అవుతుంది.

ఫోనులోనే పీడీఎఫ్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, ఫోనులో మీ తెలుగు ఫాంటు లేకపోతే వేరేది వస్తుంది, పేజీలు మారతాయి. అర్జీ వంటి ఒకటి రెండు పేజీల కాగితానికి పరవాలేదు.

## పీడీఎఫ్ చేతికి వచ్చాక

పీడీఎఫ్‌లో సరిగ్గానే ఉంది, ప్రింటులో అక్షరం చిన్నదయింది.

ప్రింటు కిటికీలో ఫిట్ అని ఉంటే, ప్రింటరు అంచుల్లో వేయలేని చోటును వదిలి పేజీని కుదిస్తుంది. యాక్చువల్ సైజ్ ఎంచుకోండి. ముందే అచ్చయిన ఫారాల మీద పేర్లు పడాలన్నప్పుడు ఈ రెండు మిల్లీమీటర్ల తేడాయే పని చెడగొడుతుంది. అనుమానం ఉంటే పేజీలో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీసి, ప్రింటు తీసి, స్కేలు పెట్టి కొలవండి.

పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు గజిబిజిగా వస్తున్నాయి. వెతికినా మాట దొరకడం లేదు.

పీడీఎఫ్‌లో ఉండేది ప్రధానంగా అక్షరాల ఆకారాలు. తెలుగులో "క్షే" అని టైపు చేసినప్పుడు క, పొల్లు, ష, ఏత్వం అని నాలుగు సంకేతాలుంటాయి, ఫాంటు వాటిని కలిపి ఒకటి రెండు ఆకారాలుగా గీస్తుంది. ఏ ఆకారం ఏ సంకేతాలకు సమానమో చెప్పే పట్టిక పీడీఎఫ్ లోపల ఉండాలి. ఒక ఆకారం పలు సంకేతాల కలయిక అయినప్పుడు, వత్తు కిందికీ గుణింతం పైకీ విడిపోయినప్పుడు, ఆ పట్టిక అసంపూర్ణంగా తయారవుతుంది. కంటికి కనబడే పేజీలో దోషం ఏమీ ఉండదు. కాబట్టి ప్రింటుకు ఇచ్చేవారు దీని గురించి బెంగపడనవసరం లేదు. వెతకడానికి వీలుండాలంటే పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలును కూడా దాచుకోండి. ఎగుమతి చేసిన వెంటనే ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడులో అతికించి చూస్తే పరిస్థితి తెలుస్తుంది. ఫాంటు మార్చితే ఫలితం మెరుగయ్యే సందర్భాలున్నాయి.

ఫాంట్లు పీడీఎఫ్ లోపలికి వచ్చాయో లేదో ఎలా తెలుస్తుంది?

అడోబీ రీడరులో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్స్ చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన ఎంబెడెడ్ లేదా ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉండాలి. సబ్‌సెట్ అంటే వాడిన అక్షరాలు మాత్రమే వచ్చాయని అర్థం, అందులో తప్పేమీ లేదు.

పీడీఎఫ్‌లో ఒక పేరు తప్పు పడింది. దాన్ని వర్డ్‌గా మార్చి దిద్దమంటారా?

వద్దు. తెలుగు పీడీఎఫ్‌ను తిరిగి వర్డ్‌గా మారిస్తే ఒక్క పేరు బదులు నాలుగు వందల మాటలు దిద్దవలసి వస్తుంది. అసలు వర్డ్ ఫైలులో దిద్ది మళ్లీ ఎగుమతి చేయండి. అసలు ఫైలు పోగొట్టుకొని వచ్చేవారికి ఆ పేజీ ఒక్కటే కొత్తగా టైపు చేసి పీడీఎఫ్‌లో పాత పేజీ స్థానంలో పెట్టి ఇస్తుంటాను.

పుస్తకం ప్రెస్సుకు ఇవ్వాలి. బుక్‌లెట్‌గా చేసి ఇవ్వాలా, మామూలుగానా?

మామూలుగా, వరసగా, ఒక్కొక్క పేజీ విడివిడిగా ఇవ్వండి. పేజీలను ఫారాలుగా కూర్చే పని ప్రెస్సువారిది. సాధారణంగా 16 పేజీలను ఒక ఫారంగా లెక్క కడతారు కాబట్టి మీ పుస్తకం 98 పేజీలు వస్తే 96కు కుదించడమో, 112కు పెంచడమో ముందే ఆలోచించండి. ఇంట్లో ప్రింటరు మీద మధ్యలో పిన్ను కొట్టే చిన్న పుస్తకమైతే పేజీల సంఖ్య 4తో భాగింపబడితే చాలు, అప్పుడు అడోబీ రీడరులోని బుక్‌లెట్ వాడుకోవచ్చు.

సైజు 1/8 డెమీ అని చెబితే సుమారు 5.5 × 8.5 అంగుళాలు. వర్డ్ పేజీ సైజును ఆ కొలతతోనే పెట్టాలి, ఎ4లో చేసి కుదించమంటే అక్షరం చిన్నదవుతుంది. అంచు వరకు రంగు ఉండే అట్టకు నలువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా కావాలి. వర్డ్‌లో దానికి సరైన ఏర్పాటు లేదు, రంగులు కూడా ఆర్‌జీబీలోనే, అంటే తెరకు తగిన రంగుల పద్ధతిలోనే వస్తాయి. అందువల్ల అట్టను వేరే సాఫ్ట్‌వేరులో చేయించి, లోపలి పేజీలను మాత్రం వర్డ్ నుంచి పీడీఎఫ్ చేయడం మేలు. పీడీఎఫ్‌తో పాటు ప్రింటు తీసిన కాపీ ఒకటి, పేజీల సంఖ్య పైన పెన్నుతో రాసి, ప్రెస్సువారి చేతికి ఇవ్వండి. వారి తెర మీద ఏదైనా తేడాగా కనబడితే పోల్చుకోవడానికి వారికి ఆ కాగితమే ఆధారం.